చప్పగా చదివిన నవల

పెద్దావిడ ఇంట్లో పొద్దున్నే ఎవరో మగమనిషి గొంతు చించుకుని అరుస్తున్నాడట. కాసేపటికి ఆడగొంతుతో ఏడుస్తున్నాడట. మధ్యలో పెద్దావిడ పకపకా నవ్వుతోందట.

ఎదురింటావిడ ఈ సంగతి కూరగాయల బండి దగ్గర చెప్పింది. మధ్యాహ్నానికి వీధంతా పాకింది. సాయంత్రానికి ఆ మనిషి, పెద్దావిడని ఎప్పుడో వదిలేసిపోయిన మొగుడైపోయాడు.

ఉండబట్టలేక ఎదురింటావిడ, పెద్దావిడ కోడలినే అడిగేసింది.

"ఎవరమ్మా ఆయన?"

"మా అత్తయ్యకి పుస్తకాలు చదివి వినిపిస్తాడండీ."

"చదవడానికి ఏడవడం ఎందుకూ?"

"కథలో వాళ్లు ఏడిస్తే ఆయనా ఏడుస్తాడు. అదంతే."

ఖండం మొత్తం మీద రచయితలకిచ్చే పెద్ద బహుమతి ఒకటుంది. ఒక్కో భాష నుంచి ఒక్క నవలే పోటీకి వెళ్తుంది. తమ భాషలోంచి ఏది వెళ్లాలో తేల్చే పని పెద్దావిడది. రాతప్రతుల మీద రచయితల పేర్లుండవు, నంబర్లే. గడువు ముగిసి, అవన్నీ ఆవిడ గదిలో కట్టలుగా చేరాక, ఆవిడ కళ్లు మొరాయించాయి.

"వదిలేయండి అత్తయ్యా, ఇంకెవరికైనా అప్పగిస్తారు" అంది కోడలు.

"చెవులున్నాయిగా! ఎలాగూ ఇదే ఆఖరుసారి. ఒక్కటే నా భయం. నా కళ్ల మూలాన ఓ మంచి పుస్తకానికి అన్యాయం జరక్కూడదు."

అలా కుదిరాడు ఆయన. రైల్వే స్టేషన్లో మైకులో బళ్ల రాకపోకలు చెప్పి రిటైరైన మనిషి. గోరువెచ్చని నీళ్లు ఓ గుక్క తాగి, కిటికీ పక్క కుర్చీలో మొదలుపెట్టాడంటే ఇల్లంతా జనంతో నిండిపోయేది. కథలో ముసలాయన దగ్గితే, ఎవరొచ్చారా అని కోడలు వంటింట్లోంచి తొంగిచూసేది.

"చాలు మాస్టారూ, ఇది తేలిపోయింది" అని పెద్దావిడ అంటే ఒప్పుకునేవాడు కాదు.

"ఇంకో రెండు పేజీలు వినండి మేడం. ఎవరో పాపం, కష్టపడి రాసుంటారు."

"మీకేమైనా లంచం ముట్టిందా ఏమిటి?"

"ముట్టుంటే ఈ అరిగిపోయిన చెప్పులతో వస్తానా?"

కొన్నాళ్లకి ఎదురింటావిడ కూడా పొద్దుటి పనులన్నీ వాకిట్లోకి మార్చుకుంది. ఓ రోజు మధ్యలో వినపడకపోతే కోడల్ని ఆపి మరీ అడిగింది.

"నిన్న ఆ పిల్ల ఇంట్లోంచి వెళ్లిపోయిందా, ఉండిపోయిందా?"

తేడా వచ్చింది ఒక్క నవల దగ్గరే.

ఓ కుటుంబం అద్దెయిల్లు ఖాళీ చేసే కథ అది. తల్లీ కొడుకూ సామాను కడుతూ కొట్లాడుకునే చోట కూడా ఇద్దరిదీ ఒకే గొంతు. కోపం లేదు, కన్నీళ్లు లేవు.

"ఏమైంది మాస్టారూ? బండి ఆలస్యమని చెబుతున్నట్టుంది!"

"అందులో ఉన్నదే చదువుతున్నాను మేడం."

"ఒంట్లో బాలేదేమో. పోనీ, రేపు చదవండి."

మర్నాడూ అంతే. అక్షరం వదల్లేదు. ఏ అక్షరానికీ ప్రాణం పోయలేదు.

సగంలో పెద్దావిడ విసుక్కుంది.

"మరీ చప్పగా ఉంది. తీసేయండి."

ఇంకో రెండు పేజీలు వినమని బతిమాలతాడనుకుని కాసేపు ఆగింది.

ఆయన ఆ కట్టకి దారం చుట్టి పక్కన పెట్టాడు. నీళ్లు తాగి, ఇంకో కట్ట విప్పాడు.

చివరికి ఓ నర్సు రాసిన నవల పోటీకి వెళ్లింది. ఖండం మొత్తం మీద అదే గెలిచింది.

ఆ కబురు వచ్చేసరికి ఏడాది తిరిగింది. కట్టలు ఎప్పుడో వెళ్లిపోయాయి. కిటికీ పక్క కుర్చీలో ఇప్పుడు ఉతికిన బట్టలు పడుంటున్నాయి. "రేడియో పెట్టుకున్నా ఆ రుచి రావట్లేదండీ" అని ఎదురింటావిడ రోజూ వాపోతోంది.

నర్సు పూలగుత్తి పట్టుకుని పెద్దావిడని చూడటానికి వచ్చింది.

"ఇవి నాక్కాదు తల్లీ. నీ నవల చదివి నన్ను ఏడిపించింది మాస్టారు" అని పెద్దావిడ కోడల్ని పంపింది. "ఉన్నపళంగా తీసుకురా."

కోడలు ఆయన భార్యతో తిరిగొచ్చింది. ఆయన కిందటి నెలలోనే పోయాడట.

నర్సు ఆ పూలగుత్తి ఆయన భార్య ఒళ్లో పెట్టింది.

"ఎన్ని గొంతులమ్మా ఆయనవి!" అంది పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ. "ఒక్కడు చదువుతుంటే ఊరంతా వచ్చి కూర్చున్నట్టుండేది. ఇంట్లో కూడా అంతేనా?"

"ఇంట్లో నోరు విప్పితే ఒట్టు."

పెద్దావిడ నవ్వింది. నవ్వుతూనే ఏదో గుర్తొచ్చి ఆగింది.

"ఒక్కటి మాత్రం నాకిప్పటికీ అంతుపట్టదు. ఇల్లు ఖాళీ చేసే నవల ఒకటుండేది. దాన్ని మాత్రం చదివి చంపేశాడు. అయినా చూడు, కొత్తగా దిగేవాళ్లకి పనికొస్తాయని ఆ తల్లి గోడకున్న మేకులు పీకకుండా వదిలేస్తుంది. ఎన్నో నవలలు మరిచిపోయాను గానీ, ఆ మేకులు నన్ను వదల్లేదు. చేజేతులా పక్కన పెట్టించాను. ఎవరు రాసిందో పాపం! దాని మీద ఆయనకేం కోపమో!"

ఆయన భార్య పూలగుత్తి తీసి కింద పెట్టింది.

"కోపమేంటమ్మా, రాసిందే ఆయన. సొంతదాన్ని రక్తి కట్టించి చదువుకుంటే మిగతావాళ్ల నోరు కొట్టినట్టు కాదూ?"