ఆచూకీ

అశోక్‌నగర్‌లో ఇంటి వెనక షెడ్డులో జగదీశ్వర్ సొంతంగా తయారుచేసుకున్న చిన్న విమానం పూర్తయింది. కూలితే ఆచూకీ చెప్పే పెట్టె ఒక్కటే మిగిలింది.

"జేబుల పెట్టుకునేది కొంట," అన్నాడు.

"పడ్డప్పుడు జేబు తడుముకునే సోయి ఉంటదా మీకు? తోకలనే బిగించుండ్రి. దానంతటదే సిగ్నల్ ఇస్తది," అంది భార్య దమయంతి. బిగించేదాకా పక్కనే నిలబడింది.

తర్వాతి నెలలో ఇంజన్ ఆగిపోయి విమానం నల్లమల అడవిలో పడింది. పెట్టె వెంటనే సిగ్నల్ పంపింది. గంటలో హెలికాప్టర్ వెళ్ళింది.

"పెట్టె బ్రహ్మాండంగా పనిచేసిందమ్మా," అన్నాడు ఫోన్‌లో అధికారి. "సారుకు పెద్ద దెబ్బలేం తగిలినట్టు లేవు. బెల్టు విప్పుకుని, సాయం కోసం ఎటో నడిచి వెళ్ళినట్టున్నారు."

విమానాన్ని లారీలో ఇంటికి చేర్చారు. జగదీశ్వర్ ఇంకా దొరకలేదు.