జోడీ కుదిరింది

పాటలో డ్రమ్స్ అందుకున్నాయో లేదో, పక్కింటి గోడ మోగింది.

దబ్, దబ్‌దబ్!

"ఆపుతున్నాను మహానుభావా!" అంటూ క్యాషియరుగారు పాట కట్టేశారు.

బ్యాంకు నుంచి రిటైరై, భార్య పోయి, ఒంటరిగా మిగిలిన మనిషి. ఆమెకిష్టమైన ఆ ఒక్క పాటే ఇప్పుడాయనకు తోడు. "ఈ డ్రమ్స్ వాయించినాయన్ని ఒక్కసారైనా చూడాలండీ" అనేది ఆమె, విన్నప్పుడల్లా.

పాట వినే స్టీరియోలో శబ్దాన్ని పెంచే పాత పవర్ యాంప్ కాలిపోతే కొత్తది కొన్నారు. అప్పట్నుంచీ వాల్యూమ్ వెంట్రుకవాసి పెంచినా ఇల్లు దద్దరిల్లేది.

"జోడీ కుదర్లేదు సార్," అన్నాడు షాపతను. "పాటను దీనికి అందించే మీ ప్రీయాంప్ పాతది, గట్టిగా తోస్తుంది. ఈ కొత్తదేమో గోరంత ఇస్తే కొండంత చేస్తుంది. దీనికి తగ్గ ప్రీయాంప్ తెప్పిస్తాను."

"తొందరగా తెప్పించు నాయనా. పక్కింటాయన గోడ కూల్చేలా ఉన్నాడు."

ఆ పక్కింటాయన మర్నాడే మెట్ల దగ్గర ఎదురయ్యాడు. బక్కపలచని ముసలాయన, చేతిలో కర్ర.

"ఏమండీ, మీ పాట..."

"ఇక వినబడదు లెండి! కొత్త ప్రీయాంప్ వస్తోంది."

"అయ్యో, అది కాదండీ..."

క్యాషియరుగారు విసవిసా మెట్లెక్కేశారు.

కొత్తది వచ్చింది. జోడీ భేషుగ్గా కుదిరింది. పాట గదిలోనే మెత్తగా తిరిగింది, గడప దాటలేదు. గోడా ఊరుకుంది.

బతికిపోయాననుకున్నారు గానీ, నాలుగు రోజులకే ఇల్లు మరీ బావురుమంది. ఇన్నాళ్ళూ తిట్టుకోడానికైనా ఒక మనిషి ఉండేవాడు మరి.

ఒక సాయంత్రం పాట పెట్టకముందే గోడ మోగింది, నీరసంగా.

"ఇంకా పెట్టనే లేదు కదయ్యా!" అని గోడమీద కేకేశారు.

ఆ తర్వాత మోగలేదు.

కొన్నాళ్ళకు ఒకావిడ తలుపు తట్టింది. పక్కింటాయన కూతురట. ఆయన పోయారనీ, ఇల్లు ఖాళీ చేస్తున్నాననీ చెప్పింది.

"పాట పెట్టడం ఎందుకు మానేశారండీ? ఆఖరిదాకా నాన్నది ఒకటే గోల, పక్కింటాయన పాట ఆపేశాడేమిటమ్మా అని."

"ఆపలేదమ్మా, తగ్గించాను. ఆయన గోడ బాదుతుంటే..."

క్యాషియరుగారు ఆమెను లోపలికి పిలిచి పాట పెట్టారు.

డ్రమ్స్ వచ్చేచోట ఆమె గోడకు చెయ్యి ఆనించి, దరువుతో పాటే తట్టింది.

దబ్, దబ్‌దబ్.

"బాదడం కాదండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ, "ఈ డ్రమ్స్ వాయించింది నాన్నే."