ఎర్రమట్టి డబ్బాలు

ముడిమ్యాలలో సక్కుబాయి వాకిట్లో ఎవరో కొత్త మనిషి కూర్చుని బొమ్మ రైలు పరుస్తున్నాడు.

పొయ్యి ముందు నుంచి లేచి వచ్చిన సక్కుబాయి గడపలోనే ఆగిపోయింది.

కర్రతో చెక్కిన డబ్బాలు, ఒకదానికొకటి కొక్కేలతో తగిలించి ఉన్నాయి. పక్క తలుపు తీస్తే లోపలి సరుకు జారి కింద పడుతుంది. గనుల్లో ఇనుపరాయి మోసే రైలు అచ్చం అలాగే ఉంటుంది.

ఆ రైలును సక్కుబాయి ఎన్నడూ చూడలేదు. చూసింది ఆమె కొడుకు అంతయ్య.

యుద్ధం మొదలైన ఏడాది, తూర్పున ఎక్కడో గనుల్లో పని దొరుకుతుందంటే పోయాడు. బతికున్నాడో లేదో తెలియదు. దారిన పోయే ప్రతి మనిషినీ ఆమె అడిగేది అదొక్కటే.

ఇతన్ని అడుగుదామంటే భాష కుదరలేదు. అతని నోట తెలిసిన మాట ఒక్కటే వస్తోంది, "సక్కుబాయి" అని.

డబ్బాల నిండా ఎర్రమట్టి పోశాడు. నడుముకు కట్టిన గుడ్డలోంచి కర్రబొమ్మను తీసి డబ్బా కింద పడుకోబెట్టాడు. తలుపు తీసి మట్టంతా దాని మీద గుమ్మరించాడు.

ఆమె వైపు చూసి మళ్లీ "సక్కుబాయి" అన్నాడు.

మట్టి, బొమ్మ, పేరు పెట్టి పిలవడం. ఆ చుట్టుపక్కల ఎవరికైనా తట్టే అర్థం ఒక్కటే.

"మల్లప్పా, బాణామతి చేస్తుండు రా," అని సక్కుబాయి కేకేసింది.

మరిది మల్లప్ప ఉరికి వచ్చాడు. వెనక ఇంకో నలుగురు.

"ఏ ఊరి మంత్రగానివిరా నువ్వు? మా వదినె పేరుతోని నీకేం పని?"

అతను బొమ్మను మట్టిలోంచి తీసి భుజాన పెట్టుకుని శంకర్‌పల్లి దిక్కు చెయ్యి చూపిస్తున్నాడు. ఆ సైగ ఎవరూ పట్టించుకోలేదు.

మంత్రం పారకుండా ఉండాలంటే ముందు పళ్లు రాలగొట్టాలి. అది అక్కడి పద్ధతి. మల్లప్ప రాయి తీసుకుని అదే చేశాడు.

అతను తిరిగి చెయ్యెత్తలేదు. నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని ఊరు దాటిపోయాడు. డబ్బాలను సక్కుబాయి పొయ్యిలో పెట్టింది.

మరునాడు పగటిపూట, శంకర్‌పల్లి స్టేషన్లో ఆముదాలు దింపి వస్తున్న అదే ఊరి యోసేపు బండి ఆమె ఇంటి ముందు ఆగింది.

బండిలో గడ్డి మీద అంతయ్య పడుకుని ఉన్నాడు. ఒక కాలు మోకాలి వరకే ఉంది.

సక్కుబాయి కొడుకు ముఖమంతా తడిమింది. బతికున్నాడు, నాకది చాలన్నది.

"స్టేషన్ కాడికి బండి తెమ్మని మనిషిని పంపిన గదనే అవ్వా. రాలేదా?"

వచ్చినవాడు నీ పేరు చెప్పలేదని మల్లప్ప మెల్లగా అన్నాడు.

"ఆడ నన్ను పేరు పెట్టి ఎవలు పిలుస్తరు చిన్నాయినా? అందరికి తెలుగోన్నే. అవ్వ పేరొక్కటి నేర్పిచ్చి పంపిన. మాట రాదు గద, రైలు చెక్కి చూపెడ్తనన్నడు. యాడున్నడు?"

దారి పొడుగునా ఎవరూ కనబడలేదని యోసేపు చెప్పాడు.

సక్కుబాయి బండి మీదికి వంగింది.

"నిన్ను మట్టిలకెళ్లి ఎల్లదీసింది గాయననేనా బిడ్డా?"

"ఆయననే. డబ్బా పక్కకు ఒరిగి రాయంత కూలితే కింద ఇద్దరం పడ్డం. ఒక్కన్ని గుంజే యాళ్లనే ఉండె. నా చెయ్యి అందింది, నన్ను గుంజిండు," అన్నాడు అంతయ్య. "రెండోవాడు ఆయన తోడబుట్టిన తమ్ముడే అవ్వా."