అన్‌లిమిటెడ్

“ఇంకో రెండు ముక్కలు తిను. పళ్ళెంలో వదిలేస్తే వాళ్ళకే లాభం,” అన్నాడు స్టోర్ కీపర్, కూతురి ముందుకు పుచ్చకాయ ముక్కలు తోస్తూ.

కూతురి కళ్ళు పళ్ళెంలో లేవు. డైనింగ్ హాలు అద్దంలోంచి కనిపిస్తున్న రోలర్ కోస్టర్ మీద ఉన్నాయి. ఎర్ర బండి మేడంత ఎత్తుకి ఎక్కి, ఒక్క క్షణం ఆగి, దబ్బున కిందికి జారుతోంది. కిందటేడాది ఇంకో పార్కులో ఇలాంటిదే ఎక్కబోతే, గేటు దగ్గర కర్రతో కొలిచి రెండు వేళ్ళు తక్కువన్నారు. అప్పట్నుంచీ ఇంట్లో తలుపుకి ఆనుకుని, నెలనెలా గీతలు గీసుకుని మరీ పెరిగింది పిల్ల. తిండి మాత్రం పిడికెడు. అందుకే అందరూ పిచ్చుక అంటారు.

“నాన్నా, ఇప్పుడు వెళ్దామా?”

“వెళ్దాంలే. రైడ్లు గదితోపాటు ఊరికే వచ్చేవి, ఎక్కడికీ పారిపోవు. ముందు డబ్బు కట్టినదాని సంగతి చూడాలా వద్దా?”

డబ్బు కట్టింది అన్‌లిమిటెడ్ ప్లాన్‌కి. ఈ రిసార్టులో గది బుక్ చేస్తుంటే ఫోన్‌లో ఆ మాట కనిపించింది. అన్‌లిమిటెడ్ అని ఉన్నాక పక్కన భోజనం అని వేరే రాయాలా ఏమిటి! మూడు రోజులకీ ముగ్గురికీ ముందే కట్టేశాడు. సంగతి తెలిసి బావమరిది పగలబడి నవ్వాడు. అలాంటి ప్లాన్లు శుద్ధ దండగనీ, మనిషికి ఉండేది ఒక్కటే పొట్ట అనీ, ఏ పూటకి ఆ పూట కొనుక్కుంటే సగానికి సగం మిగిలేదనీ క్లాసు పీకాడు. అత్తింటివాళ్ళు ఒక మాట అంటే పడే రకం కాదు మన స్టోర్ కీపర్. కట్టిన ప్రతి పైసా ఆ రిసార్టువాళ్ళచేత కక్కించకపోతే పేరు మార్చుకుంటానని శపథం చేసి మరీ బయల్దేరాడు.

గోడౌన్‌లో ఒక్క మేకు తగ్గినా పట్టుకునే మనిషి. ఇక్కడికీ జేబులో టైంటేబుల్‌తోనే వచ్చాడు. ఏడున్నరకి టిఫిను, పదకొండుకి కేకులూ జ్యూసులూ, పన్నెండున్నరకి భోజనం, నాలుగింటికి ఐస్‌క్రీములు, ఏడింటికి మళ్ళీ భోజనం. మధ్యలో అరగడానికి నడక. ఆ నడక కూడా హాలు చుట్టూనే, దూరం పోతే తలుపులు తీసే వేళకి లైన్లో వెనకబడతారని. ప్రతి పళ్ళేనికీ ఫోటో తీసి బావమరిదికి పంపాడు. అటునుంచి ఒక్కదానికీ జవాబు లేదు. ఓడిపోయాడు కాబట్టి నోరు పెగలడం లేదని ఈయన మురిసిపోయాడు.

రెండో రోజు సాయంత్రానికి భార్యకి ఓపిక అయిపోయింది. తనకి కడుపు ఉబ్బిపోయిందనీ, పిల్ల మొహం వాడిపోయిందనీ, ఒక్క పూట మానేస్తే కొంపలేం మునిగిపోవనీ చెప్పింది. ఒక్క పూట మానేస్తే సగటు పడిపోతుందన్నాడు ఆయన.

“మీ సగటు తగలెయ్య. ముందు దాన్ని ఒక్కసారి ఆ బండెక్కించండి,” అంది.

రేపు ఖాయం అని మాటిచ్చాడు.

మూడో రోజు రెండింటికి గది ఖాళీ చెయ్యాలి. కేకుల పని ముగించుకుని, పదకొండున్నరకి ముగ్గురూ రోలర్ కోస్టర్ గేటు దగ్గరికి చేరారు. కొలత కర్ర మీద గీతకి పిచ్చుక తల ఒక వేలు పైనే ఉంది. పిల్ల మొహం వెలిగిపోయింది. గేటు మనిషి కూడా నవ్వి, తిని ఎంతసేపైందమ్మా అని అడిగాడు. అబద్ధం చెప్పినా లాభం లేదు, మూతి చుట్టూ క్రీము అంటుకునే ఉంది.

“ఇప్పుడే,” అంది నేల చూపులు చూస్తూ.

“గంట ఆగి రండి సార్. తిన్న వెంటనే ఎక్కితే కక్కేస్తారు. కడగాల్సింది నేను.”

గంట ఆగితే పన్నెండున్నర. ఆ వేళకి లైను పెరిగి ఇంకో గంట. ఒకటిన్నరకి డైనింగ్ హాలు మూసేస్తారు. స్టోర్ కీపర్ వాచీ చూసుకున్నాడు, లైను చూశాడు, మళ్ళీ వాచీ చూసుకున్నాడు. ఇక మిగిలింది ఒక్క పూట. పదకొండు రకాలు.

పిచ్చుక వెళ్ళి గేటు పక్కన బెంచీ మీద కూర్చుంది. “నాకు అన్నం వద్దు నాన్నా. నేనూ అమ్మా ఇక్కడే ఆగుతాం. నువ్వు తినేసి రా.”

“రెండు భోజనాలు వాళ్ళకి వదిలేస్తే మీ మామయ్య నవ్వడూ? వచ్చే ఏడాది ఎక్కుదువుగాని, లే.”

చెయ్యి పట్టుకుని లేపాడు. పిల్ల ఏడవలేదు. హాలుదాకా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది. ఆ పూట పిల్ల బెంగతో, భార్య కోపంతో మెతుకు ముట్టలేదు. ముగ్గురి వాటా ఆయనొక్కడే లాగించాడు.

రెండింటికి, బెల్టు రెండు రంధ్రాలు వదులు చేసుకుని, రిసెప్షన్ కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. వచ్చిన రోజు ముగ్గురి చేతులకీ కట్టిన ప్లాన్ పట్టీలు తీసిచ్చి, తాము ప్లాన్ ఎంత వాడుకున్నదీ కాగితం మీద అచ్చేసి ఇమ్మన్నాడు. దాన్ని ఫ్రేము కట్టించి బావమరిది ఇంటికి పంపాలని ఆయన ఉద్దేశం.

కౌంటర్ అమ్మాయి పట్టీలు మెషిన్ మీద పెట్టింది. తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. కాగితం చేతికిచ్చింది.

అన్‌లిమిటెడ్ ప్లాన్. ముగ్గురికి. వాడుకున్నది: సున్నా.

“సున్నా ఏమిటమ్మా? మూడు రోజులూ పొద్దస్తమానం మెక్కుతూనే ఉన్నాంగా?”

“భోజనాలు గదితోపాటు ఊరికే వచ్చేవి సార్,” అంది అమ్మాయి. “మీరు డబ్బు కట్టింది రైడ్లకి.”