ఊదిన నీళ్లు

సంతోషి ఆటో దిగి నాచారం మసీదు గేటు తోసేసరికి లోపల ఒక్క మనిషే ఉన్నాడు.

తెల్లటోపీ, నెరిసిన గడ్డం. నల్లాల దగ్గర కూర్చుని మొహం కడుక్కుంటున్నాడు.

ఇంకేం, మౌల్వీ సాబే అనుకుంది సంతోషి. టోపీ, గడ్డం ఉన్నవాళ్లందరూ ఆమె లెక్కలో మౌల్వీలే.

"సాబ్, జర ఈ నీళ్లల్ల ఊదుండ్రి" అంటూ సీసా చాపింది.

ఆయన తలెత్తి చూశాడు.

"ఇప్పుడు నమాజు లేదు బిడ్డా. పొద్దుమీకి రా. అందరు ఊదుతరు."

"అంతసేపు ఆగేటట్టు లేదు సాబ్. పదకొండింటికి మా ఆయనకు గుండె ఆపరేషన్. ఉప్పల్ల దవాఖానాల ఉన్నడు."

తప్పు సంతోషిదే. సాయంత్రం నమాజు ముగిసే వేళకు తల్లులు పిల్లలను ఎత్తుకుని, గ్లాసుల్లో నీళ్లు పట్టుకుని మసీదు ముందు నిలబడతారు. బయటికి వచ్చేవాళ్లు దువా చదివి, ఊది పోతారు. భర్త రంజిత్ చిన్నప్పుడు దడుచుకున్నా, జ్వరమొచ్చినా అత్త లక్ష్మీనర్సమ్మ చంకనేసుకుని ఇక్కడికే వచ్చేదట. "మసీదు కాడికి పోయి నీళ్లు ఊదిచ్చుక రా" అని ఆమె అన్నదే తడవు, ఏ వేళకు పోవాలో అడగకుండా కోడలు ఆటో ఎక్కేసింది.

"నేను మౌల్వీని కాదు" అన్నాడాయన. "ఒక పని మీద వచ్చిన. ఇమాం సాబ్ కోసం సూస్తున్న."

"ఎవరైతేంది సాబ్? మీరే చదువుండ్రి. నా పానం ఆగుతలేదు."

ఆయన తడి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత సీసా అందుకుని మూత తీశాడు.

"హస్బునల్లాహు వ..."

అక్కడ ఆగిపోయాడు. గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు.

పోయి పోయి చదవడం కూడా సరిగ్గా రాని మనిషి దొరికాడు. ఈ నీళ్లు ఏం పనిచేస్తాయి?

చివరికి ఆయన కళ్లు మూసుకున్నాడు.

"హస్బునల్లాహు వ నిఅమల్ వకీల్."

నీళ్లలో మెల్లగా ఊదాడు.

"అంటే ఏంది సాబ్?"

"మనకు అల్లా సాలు. మన భారం అప్పజెప్పనీకి ఆయన కన్న మంచోడు లేడు అని."

"అప్పజెప్తే మంచిగైతదా?"

"అప్పజెప్పినంక గట్ల అడగొద్దు బిడ్డా. డాక్టర్లు జేసేది డాక్టర్లు జేస్తరు. నువ్వు జేసేది నువ్వు జెయ్యి. మిగిలింది ఆయనకు ఇడిసిపెట్టు."

నిన్నటి నుంచి అత్త ముందు ఆపుకున్న ఏడుపంతా సంతోషికి అక్కడ తన్నుకొచ్చింది.

"ఆయన లేకుంటే నేను బతకలేను సాబ్."

"ఆ మాట అనకు" అన్నాడాయన గట్టిగానే. అంతలోనే గొంతు తగ్గించాడు. "నీ పెనిమిటికి అల్లా నిండు నూరేండ్లు ఇయ్యాలె. సూడు, ఈ నీళ్లు ఆయనకు తాపకు. ఆపరేషన్ ముందు తాగొద్దు. నుదుటికి జర అద్దు. మిగిలినయి ఆ దువా చదువుకుంట నువ్వే తాగు."

"నాకా మాటలు రావు సాబ్."

"నీకొచ్చిన మాటలల్లనే చెప్పు. పైనున్నోనికి అన్నీ ఎరుకే."

దవాఖానలో రంజిత్ నుదుటికి నీళ్లు అద్ది, ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక సంతోషి సీసాలో మిగిలినవి తాగింది.

"నాతోటి కాదు. నువ్వే సూసుకో" అని పైకే అనేసింది.

పక్కనున్న లక్ష్మీనర్సమ్మ వింతగా చూసింది. సంతోషికి భయం పోలేదు. కానీ కాసేపటికి కుదురుగా కూర్చోగలిగింది.

మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికొచ్చాడు.

"ఫికర్ లేదమ్మా. అంతా మంచిగైంది."

రంజిత్ ఇంటికొచ్చి కాస్త తిరుగుతున్నాక, ఒక శుక్రవారం ఖర్జూరాల డబ్బా పట్టుకుని సంతోషి మసీదుకు వచ్చింది. ఈసారి వేళ కనుక్కుని మరీ వచ్చింది. ఎండ కదా అని మొగుణ్ని ఆటోలోనే కూర్చోబెట్టింది.

ఇమాం పడుచువాడు. ఆమె చెప్పింది విని అన్నాడు, "యాకూబ్ భాయ్ అయి ఉంటడు. ఆయన ఇప్పుడు ఈడ లేడమ్మా. ఇల్లు ఖాళీ చేసి జహీరాబాద్‌ల చెల్లె కాడికి పోయిండు."

"అయ్యో! మా ఆయనను సూపిద్దామని తోలుకొచ్చిన సాబ్. చదవరాదు అనుకున్న గానీ, ఆయన ఊదిన నీళ్లే నన్ను నిలబెట్టినయి."

"ఫోన్ల చెప్త. మస్తు సంతోషపడ్తడు" అన్నాడు ఇమాం. "ఆ రోజు నేను రాంగనే నీ ముచ్చటే చెప్పిండు. ఎవరో బిడ్డ పెనిమిటికి ఆపరేషన్ అయితుందంట, దువా చెయ్యిండ్రి అన్నడు. అది అయినంకనే తన పని అడిగిండు."

"ఏం పని సాబ్?"

ఇమాం ఆటోలో కూర్చున్న రంజిత్ వైపు చూశాడు.

"ఆ ముందటి రాత్రి పానం ఇడిసిన ఒక్కగానొక్క కొడుకును కబరస్తాన్‌కు మోసుకపోనీకి, మసీదు డోలా అడగనీకి వచ్చిండమ్మా."