ఫ్రిజ్జున్న పేదలు

“వంచు, ఇంకాస్త వంచు! తలుపు ఊడుతుంది ఇగ్నేషియస్!”

“ఇక్కడ నా నడుం ఊడుతోంది. నీకు తలుపు గొడవ, టాంటీ!”

ఇగ్నేషియస్ ఫ్రిజ్జును పెళ్ళికూతురిలా వాటేసుకుని తోపుడు బండి మీదికి ఎక్కించాడు. రాత్రి వానకి కొండదారి జారుడుగా ఉంది. ఫ్రిజ్జు సొంతదారు పక్కింటి ఎర్మీన్, ఊరంతా టాంటీ అని పిలిచే అత్త, వెనకనుంచి నెడుతోంది. కింద చర్చి మలుపులో సంక్షేమ శాఖ జీపు హారన్ కొట్టింది. ఆఫీసరమ్మ పైకి ఎక్కి వచ్చేలోపు టాంటీ పేదరాలు కావాలి.

పేదరాలే. కాకపోతే ప్రభుత్వానికి నచ్చేటట్టు ఉండాలి. ఫ్రిజ్జున్నవాళ్ళు పేదలు కారని రాజధానిలో చల్లటి గదుల్లో కూర్చున్న మహానుభావులు తేల్చేశారు మరి. ఆకలిని కొలవడం కష్టం. ఫ్రిజ్జును లెక్కపెట్టడం సుఖం.

తల్లి పోయిన మనవరాలు జునెల్‌ని టాంటీయే సాకుతోంది. సాయం మంజూరైతే పిల్ల బడిలో ఉంటుంది. కాకపోతే సోమవారం నుంచి అరటితోటలో గెలలు మోస్తుంది. అంతే లెక్క.

“నీ ఇంటికి రేపు గదా వచ్చేది. ఈ పూటకి అక్కడ పెట్టుకో,” అంది టాంటీ రొప్పుతూ.

“రేపు మళ్ళీ నీ ఇంటికి తొయ్యాలి. తుఫాను నా పడవని తీసుకెళ్ళింది. దీన్నెందుకు వదిలేసిందో!”

టాంటీ ఇంటికి పరుగెత్తి, చెమట తుడుచుకుని, మొహం వీలైనంత దీనంగా పెట్టుకుని కూర్చుంది. ఆఫీసరమ్మ మిస్ వాల్మాంట్ లోపలికి వచ్చింది. ఇస్త్రీ నలగని కోటు, చేతిలో ఫోను. కళ్ళు ఫోనులోంచి ఎత్తితే ఒట్టు.

“ఫ్రిజ్జు?”

“లేదు మిస్.”

“టీవీ?”

“లేదు మిస్.”

“వాషింగ్ మెషీన్?”

“రెండున్నాయి మిస్.”

మిస్ వాల్మాంట్ అప్పుడు తలెత్తింది. టాంటీ కాయలు కాచిన రెండు చేతులూ చాపి చూపించింది. ఆఫీసరమ్మ నవ్వలేదు. నవ్వమని పైనుంచి ఉత్తర్వులు లేవు కాబోలు.

“కాస్త మంచినీళ్ళివ్వండి.” ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. “వెచ్చగా ఉన్నాయేంటి?”

“మా దగ్గర ఇంతే మిస్.”

ఆ మాట ఆఫీసరమ్మకి మహా నచ్చింది. వెచ్చటి నీళ్ళు పేదరికానికి మంచి గుర్తు. ఫోనులో ఏదో నొక్కి, “మీకు మంజూరవుతుంది,” అంది. టాంటీ గుండెల మీద సిలువ గుర్తు వేసుకోబోయింది.

“ఇగ్నేషియస్ ఇల్లెటు?”

సిలువ మధ్యలో ఆగిపోయింది. “వాడికి రేపన్నారు గదా!”

“రేపు పేదరిక నిర్మూలన సదస్సు. బీచ్ హోటల్లో. భోజనాలు కూడా అక్కడే. ఇవాళే చూసేస్తాను.”

టాంటీ కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచింది. “ఒరేయ్ ఇగ్నేషియస్! మిస్ నీ ఇంటికే వస్తోంది రోయ్!”

ఇగ్నేషియస్ బుద్ధిమంతుడు. అరుపు వినగానే ఫ్రిజ్జును బండెక్కించి వెనకదారిన టాంటీ ఇంటికి తోసుకొచ్చాడు. మిస్ వాల్మాంట్ కూడా దగ్గరని అదే దారి పట్టింది, వెనకే టాంటీ. సీమపనస చెట్టు కింద ముగ్గురూ, ఫ్రిజ్జుతో కలిపి నలుగురూ, ఎదురుపడ్డారు.

“ఎవరిది ఇది?”

“నాదే మిస్,” అంది టాంటీ. “వాడికేం సంబంధం లేదు. నా పేరు కొట్టేసుకోండి.”

“నోరుముయ్ టాంటీ! నాది మిస్. ముసల్దానికి మతిలేదు.”

“నీకెందుకురా ఫ్రిజ్జు? పడవ లేదు, చేప లేదు, గాలి దాచుకుంటావా?”

“పిల్ల బడి మానాలా? ఊరుకోమంటుంటే!”

మిస్ వాల్మాంట్ మొహం మొదటిసారి వెలిగింది. రెండుసార్లు నొక్కింది.

“ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇద్దరికీ రద్దు.”

“ఉన్నది ఒక్కటే గదా మిస్!” అన్నాడు ఇగ్నేషియస్.

“ఒప్పుకున్నది ఇద్దరు.”

“ఎన్నికలప్పుడు మీ మంత్రిగారే ఇంటికొచ్చి ఇచ్చాడమ్మా,” అంది టాంటీ. “ఫొటో కూడా దిగాడు.”

“మంత్రిగారు పేదలకిచ్చారు. పుచ్చుకున్నాక మీరింకా పేదలెట్లా అవుతారు?”

“అది కాదు మిస్, అసలు అది ఒక్కనాడైనా...”

“ఉందా, లేదా? నన్నడగమన్నది ఇంతే. కథలు వినమని ఎవరూ చెప్పలేదు.” మర్యాద జీపు కంటే ముందే కొండ దిగిపోయింది. “ఇంట్లో ఫ్రిజ్జు పెట్టుకుని నాకు వెచ్చటి నీళ్ళు పోశావే! ఏం నటన! సిగ్గులేదూ?”

జీపు వెళ్ళిపోయింది. న్యాయం జరిగింది. ప్రజాధనం మిగిలింది. సదస్సులో రేపు ఇంకో కూర ఎక్కువ వడ్డించవచ్చు.

ఇద్దరూ ఫ్రిజ్జును తోసుకెళ్ళి టాంటీ ఇంట్లో దించారు. సన్నగా వాన మొదలైంది. తుఫానుకి ఎగిరిపోయిన పైకప్పు చోట కట్టిన టార్పాలిన్ అప్పుడే కారుతోంది. టాంటీ ఫ్రిజ్జు తెరిచి పై అరలో జునెల్ పుస్తకాలు సర్దింది. కింద పిండి డబ్బా. కూరగాయల పెట్టెలో మడతపెట్టిన బడి గౌను.

“సోమవారం నుంచి ఎందుకూ పనికిరావు గదా అవి,” అన్నాడు ఇగ్నేషియస్ నేల చూస్తూ.

“అయితే తడవనిస్తానా?”

“ఊరుకో టాంటీ. మళ్ళీ ఎన్నికలొస్తాయిలే.”

“ఈసారి వాషింగ్ మెషీన్ ఇస్తారు,” అంటూ టాంటీ ఫ్రిజ్జు తలుపు గట్టిగా నొక్కి మూసింది.

ఆ కొండ మీదికి కరెంటు ఇంకా రాలేదు.