మూడో సమానం

“రెండు సమానాలకీ మూడు సమానాలకీ తేడా ఏమిటి?” పొద్దుటినుంచీ ఇంటర్వ్యూకు వచ్చినవారినల్లా అడిగి అరగదీసిన ప్రశ్ననే గురువుగారు మళ్లీ అడిగారు.

ఆఫీసంతా గురువుగారని పిలిచే ఆ సీనియర్ ప్రోగ్రామరుకు, విలువలను పోల్చే ఆ గుర్తులతో పాతపగ ఉంది. వాతావరణం చెప్పే వారి ప్రోగ్రాములో ఏ మహానుభావుడో మూడు సమానాలు పెట్టవలసిన చోట రెండు పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఉష్ణమాపకం పాడై ఖాళీ గడి పంపిన రోజున, ఖాళీ అన్నా సున్నా అన్నా ఒకటేనని రెండు సమానాలు తీర్పు చెప్పాయి. నడివేసవిలో నగరమంతటికీ మంచు హెచ్చరిక వెళ్లింది. నాటినుంచి గురువుగారికి సెలవు లేదు. ఇలాంటి తప్పును పట్టగల మనిషి వచ్చి చేరేదాకా కదలరాదని మేనేజరమ్మ శాసనం. ప్రయాణానికి సర్దిన పెట్టె ఇంట్లో అలాగే ఉంది. భార్య దాన్ని ఇస్త్రీబల్లగా వాడుకుంటోంది.

అభ్యర్థి లేచి, ఎడమచేత్తో బోర్డు మీద గీతలు గీశాడు.

“రెండు సమానాలు దూరపు చుట్టం లాంటివండీ. పోలిక చూసి పలకరించేస్తాయి. అంకె ఐదునీ, అక్షరాల వేషంలో ఉన్న ఐదునీ చూసి ఇద్దరూ ఒకటేగా అంటాయి.”

“మరి మూడు?”

“కన్నతల్లండీ. ఎవరు ఎవరో తెలుసు.”

ఇంతటి భాష్యం గురువుగారు ఏ పండితుని నోటా విని ఎరుగరు. గుర్తింపుకార్డు ఎత్తి ఫోటోనూ ముఖాన్నీ పోల్చారు. ముక్కు, గడ్డం, నవ్వు, అన్నీ సరిపోయాయి. వెంటనే ఇంటికి ఫోను చేసి పెట్టె మీది బట్టలు తీసెయ్యమన్నారు.

“నిజమేనా, ఇదీ మీ మంచు హెచ్చరికేనా?” అంది భార్య.

సోమవారం కొత్త ఉద్యోగి వచ్చాడు. అదే ముక్కు, అదే నవ్వు. కుడిచేత్తో సంతకం చేసి కూర్చున్నాడు. గురువుగారు జేబులోని రైలు టికెట్టును ఒకసారి తడుముకుని, అపఖ్యాతి పాలైన ఆ పంక్తిని తెర మీదికి తెచ్చారు.

“నాయనా, ఆ కన్నతల్లిని పిలిచి ఇక్కడ కూర్చోబెట్టు. నేను సాయంత్రం బండికి వెళ్లిపోతా.”

కొత్తవాడు తెరవంక వినయంగా చాలాసేపు చూశాడు.

“మా అమ్మనాండీ?”

గురువుగారు చాలా రోజుల తర్వాత నవ్వారు.

“భలేవాడివి. ఆ రోజు బోర్డు మీద గీసి మరీ చెప్పావుగా.”

“అది మా అన్నయ్యండీ.”